సిస్సింగ్‌హర్స్ట్: తోట అద్భుతం, బస దండగ

ఇంగ్లండులోని కెంట్‌లో ఉన్న సిస్సింగ్‌హర్స్ట్ తోట చూద్దామని వెళ్లాం. ‘మూలికల తోట కనిపించే గది’ అన్న ప్రకటన నమ్మి, మామూలు గదికన్నా 18 పౌండ్లు ఎక్కువ పెట్టి, రాత్రికి 112 పౌండ్లకు బస తీసుకున్నాం. తెల్లారి కిటికీ తెరిస్తే కంకర మీద నాలుగు ప్లాస్టిక్ కుండీలు! అడుగున చిల్లు లేని కుండీలో నీరు నిలిచి రోజ్‌మేరీ పసుపెక్కింది. పక్క మడిలో వేళ్లకు అడ్డు లేక పుదీనా పాకి, థైమ్‌ను పూర్తిగా మింగేసింది. ఎక్కువ తీసుకున్న డబ్బు తిరిగివ్వమంటే, మూలికలంటే ఇలాగే ఉంటాయనీ, అందం కావాలంటే గులాబీలు చూసుకోమనీ యజమానురాలు కసిరింది. అక్కయ్య అలిగి టిఫిను కూడా ముట్టలేదు.

దగ్గర్లోని స్టేపుల్‌హర్స్ట్ రైల్వే స్టేషను నుంచి టాక్సీకి 24 పౌండ్లయింది. దారి సాఫీగా సాగింది.

ఆ యజమానురాలి మాట ఎంత తప్పో సిస్సింగ్‌హర్స్ట్ తోటలో అడుగుపెట్టగానే తెలిసింది. 1930లో రచయిత్రి వీటా శాక్‌విల్-వెస్ట్, దౌత్యవేత్త హెరాల్డ్ నికల్సన్ దంపతులు శిథిలావస్థలో కొన్న చోటు ఇది. 1967 నుంచి వారసత్వ స్థలాలను కాపాడే నేషనల్ ట్రస్ట్ అనే సంస్థ చూసుకుంటోంది. ఇందులోని మూలికల తోట చుట్టూ, ఏడాదంతా పచ్చగా ఉండే యూ చెట్ల దట్టమైన కంచె, మధ్యలో పాలరాతి తొట్టి, దానివైపు సాగే బాటలు. మూలికలు వేసవి చివరికి చెదిరి వాలిపోతాయి. అందుకే వాటికి ఇలాంటి గట్టి చట్రం కావాలి. సగం అందం ఆ కంచెదే.

మిగతా సగం ఆకులది. ఊదారంగు సేజ్ మూలిక ఆకు దగ్గరగా చూస్తే సన్నని నూగు, గరుకు ముడతలు. దాని వెనక పొగలా లేచే రాగిరంగు సోంపు. పూలు రాలినా ఈ జత వన్నె తగ్గదు. చామంతిలాంటి పూలు పూసే చామొమైల్ మూలిక పరిచిన రాతి ఆసనం ఒకటుంది. బయట థైమ్ తివాచీ మీద తేనెటీగలు ముసురుకున్నాయి. అక్కడ నిలబడ్డాకే అక్కయ్య నోరు విప్పింది, “ఇంటి ముందు గడ్డి తీసేసి ఇదే వేయిద్దాం” అంటూ. గులాబీలు తప్ప మరేదీ మొక్క కాదనే మనిషి! తెల్లపూల మొక్కలతో వేసిన తెల్లతోట భాగంలోనూ చూడండి: తెల్లపూలను పట్టి నిలిపేది మన దవనానికి దగ్గరి చుట్టమైన ఆర్టెమీసియా వెండి ఆకులే.

వెళ్లేవారు జూన్‌లో వెళ్లండి, దగ్గర్లోని క్రాన్‌బ్రూక్ ఊళ్లో బస చూసుకోండి. తోట కనిపిస్తుందని ఎవరైనా అదనంగా అడిగితే ఆ వారం తీసిన ఫొటో పంపమనండి. తిరుగు టాక్సీ ముందే మాట్లాడుకోండి. మాకు 40 నిమిషాలు దొరకలేదు.