పెళ్లిళ్ల సీజన్‌లో బీటీఆర్‌ఎఫ్‌ఎస్: మూడేళ్ల వాడకం తర్వాత నా మాట

కడపలో ఏడు రోడ్ల కూడలికి దగ్గర్లో మా ఫోటో స్టూడియో. పెళ్లి ఫోటోలు, వీడియో మిక్సింగ్, కరిజ్మా ఆల్బమ్ డిజైనింగ్ అన్నీ ఇక్కడే చేస్తాం. ఎడిటింగ్ చేసే మెషిన్లు రెండూ విండోస్‌వే. ఫైళ్లన్నీ దాచుకునే సర్వర్ మాత్రం 2022 వేసవి నుంచి ఉబుంటు అనే లినక్స్ మీద నడుస్తోంది. అందులోని 8 టెరాబైట్ల హార్డ్ డిస్కును బీటీఆర్‌ఎఫ్‌ఎస్‌తో ఫార్మాట్ చేశాను. డిస్కు మీద ఫైళ్లను అమర్చి చూసుకునే లినక్స్ ఫైల్ సిస్టమ్ అది. ఈ మూడేళ్లలో నన్ను కాపాడిందీ, నిద్ర లేకుండా చేసిందీ ఇందులోని స్నాప్‌షాట్లే, అంటే ఆ క్షణానికి ఫైళ్లు ఎలా ఉన్నాయో అలాగే పట్టి ఉంచే నకళ్లు. అందుకే స్పీడు, సెటప్ లాంటివి పక్కన పెట్టి, వాటి గురించే రాస్తున్నాను.

ముందు మేలు చెప్పాలి. మొదటి ఏడాదే మా దగ్గర పనిచేసే అబ్బాయి ఒక రిసెప్షన్ ఫోల్డర్ మొత్తాన్ని పొరపాటున డిలీట్ చేశాడు. మెమరీ కార్డులు అప్పటికే ఫార్మాట్ అయి ఇంకో పెళ్లికి వెళ్లిపోయాయి. "అన్నా, రిసెప్షన్ కనపడలేదన్నా" అంటూ వచ్చి నిలబడినప్పుడు వాడి మొహంలో కత్తివాటుకు నెత్తురు చుక్క లేదు. సర్వర్ ఫోల్డర్లను విండోస్‌కు అందించే సాంబా ప్రోగ్రామ్‌లో షాడో కాపీ సెట్టింగ్ ముందే పెట్టుకున్నాను కాబట్టి, విండోస్‌లోనే అది ఉన్న పై ఫోల్డర్ మీద రైట్ క్లిక్ చేసి ప్రీవియస్ వెర్షన్స్‌లోకి వెళ్లాం. గంట కిందటి స్నాప్‌షాట్‌లో ఒక్క ఫోటో కూడా తగ్గకుండా అన్నీ ఉన్నాయి. కాపీ చేసుకుని పనిలో పడ్డాం. పెళ్లి మళ్లీ జరగదు, ఆ ఫోటోలు మళ్లీ రావు. ఈ ఒక్క కారణానికే నేను ఈ ఫైల్ సిస్టమ్‌ను వదలలేదు.

ఇక ఇబ్బంది. 2024 మాఘంలో ముహూర్తాలు వరసగా ఉన్నాయి. మా దగ్గర ఒక్కో పెళ్లికి రా ఫైళ్లు, రెండు కెమెరాల వీడియో, డ్రోన్ అన్నీ కలిపి సుమారు 300 జీబీ అవుతుంది. తెల్లారితే ప్రొద్దుటూరులో పెళ్లి ఉందనగా రాత్రి చూస్తే డిస్కు దాదాపు నిండిపోయింది. పార్టీ వాళ్లకు పూర్తిగా ఇచ్చేసిన నాలుగు పాత పెళ్లిళ్ల ఫోల్డర్లు తీసేశాను. టెరాబైట్ పైనే తగ్గాలి. రిఫ్రెష్ కొట్టి చూస్తే ఖాళీ జాగా అంగుళం కూడా పెరగలేదు.

కారణం స్నాప్‌షాట్లు. బీటీఆర్‌ఎఫ్‌ఎస్ ఉన్న డేటా మీదే తిరిగి రాయదు, మార్పు వచ్చినప్పుడు కొత్త చోట రాస్తుంది. పాత చోటును స్నాప్‌షాట్ పట్టుకుని ఉంటుంది. అందుకే కొత్తగా చేసిన క్షణంలో స్నాప్‌షాట్‌కు పెద్దగా జాగా పట్టదు. కానీ ఫైలు డిలీట్ చేశాక కూడా దాన్ని చూపించే స్నాప్‌షాట్ ఒక్కటి మిగిలినా ఆ జాగా విడుదల కాదు. ఉమ్మడి పొలం అమ్మాలంటే వాటాదారులందరూ సంతకం పెట్టాల్సిందే కదా, ఇదీ అంతే. స్నాప్‌షాట్లను టైము ప్రకారం చేసి, పాతవి తీసేసే ప్రోగ్రామ్ స్నాపర్. నా స్నాపర్ సెట్టింగ్‌లో గంటలవి పది, రోజులవి పది, నెలలవి పది, ఏళ్లవి పది అని ఉంది. నేను దాన్ని ఎప్పుడూ తెరిచి చూడలేదు. ఆ నాలుగు పెళ్లిళ్లనూ నెలల స్నాప్‌షాట్లు గట్టిగా పట్టుకుని ఉన్నాయి.

తెలిసిన వెంటనే పాతవి మూడు తీసేశాను. ఏమీ మారలేదు, ఎందుకంటే అవే ఫైళ్లు మిగతా స్నాప్‌షాట్లలోనూ ఉన్నాయి. చివరికి ఆ ఫోల్డర్లు కనిపించే స్నాప్‌షాట్లన్నీ తీసేయాల్సి వచ్చింది. డిలీట్ కమాండ్ సెకన్లలో ముగిసింది, జాగా మాత్రం అప్పటికీ అలాగే ఉంది. ఇక్కడే నేను పెద్ద తప్పు చేశాను. మెషిన్ ఇరుక్కుపోయిందనుకుని రెండుసార్లు రీస్టార్ట్ చేశాను. నిజానికి డిలీట్ కమాండ్ స్నాప్‌షాట్ పేరు మాత్రమే వెంటనే తీసేస్తుంది. లోపలి బ్లాకులను ఒక్కొక్కటిగా విడిపించే పని కెర్నల్‌లో (లినక్స్ అసలు గుండెకాయ) క్లీనర్ అనే థ్రెడ్ వెనకాల నిదానంగా చేస్తుంది. రీస్టార్ట్ చేస్తే డిస్కు మళ్లీ మౌంట్ అయ్యాక ఆ పనిని కొనసాగిస్తుంది. అంటే నా టెన్షన్‌తో నేనే దాన్ని ఆలస్యం చేశాను. హార్డ్ డిస్కు మీద ఈ పని మరీ నెమ్మది, ఎందుకంటే మెటాడేటా (ఏ ఫైలు ఎక్కడుందో చెప్పే లెక్కలు) డిస్కంతా చెల్లాచెదురుగా ఉంటుంది. తెల్లవారుజామున మూడు గంటలకు జాగా వచ్చింది. అప్పటిదాకా పక్కనే కూర్చున్నాను.

ఇప్పుడైతే డిలీట్ చేయగానే "సబ్‌వాల్యూమ్ సింక్" కమాండ్ ఇస్తాను (సబ్‌వాల్యూమ్ అంటే ఒకే డిస్కులో విడిగా చూసుకునే భాగం, స్నాప్‌షాట్ కూడా అలాంటిదే). క్లీనర్ పని పూర్తయ్యేదాకా అది ఆగి, అప్పుడే ముగుస్తుంది. ఇంకా ఎన్ని మిగిలాయో చూడాలంటే సబ్‌వాల్యూమ్ లిస్ట్ కమాండ్‌కు చిన్న డి (-d) కలిపితే చాలు. డీఎఫ్ అనే మామూలు లినక్స్ కమాండ్ చూపించే అంకెను నమ్ముకుని కంగారు పడటం మానేశాను, "ఫైల్‌సిస్టమ్ యూసేజ్" కమాండే చూస్తాను.

ఆ కమాండ్ చూడటం మొదలుపెట్టాకే రెండో సంగతి అర్థమైంది. బీటీఆర్‌ఎఫ్‌ఎస్ డిస్కును ముందు పెద్ద ముక్కలుగా కేటాయించుకుంటుంది. డేటా ముక్క మామూలుగా ఒక జీబీ ఉంటుంది. మెటాడేటాకు వేరే ముక్కలు. పూర్తిగా ఖాళీ అయిన ముక్కను ఇప్పటి కెర్నళ్లు తమంతట తామే వెనక్కి ఇస్తాయి. పావు వంతు నిండిన ముక్క మాత్రం డేటా పేరు మీదే ఉండిపోతుంది. అలాంటివి వందల్లో పేరుకుపోయి, కేటాయించని జాగా అయిపోయాక మెటాడేటాకు కొత్త ముక్క కావలసి వస్తే, గిగాబైట్ల కొద్దీ ఖాళీ కనిపిస్తున్నా "జాగా లేదు" అనే ఎర్రర్ వస్తుంది. దీనికి మందు బ్యాలెన్స్, అంటే సగం సగం నిండిన ముక్కల్లోని డేటాను కలిపి సర్దే కమాండ్. తెలిసినవాళ్లు ఎవరో చెబితే ఫిల్టర్ ఏమీ పెట్టకుండా మొత్తం డిస్కుకు బ్యాలెన్స్ నడిపాను. రెండు రోజులైనా ముగియలేదు, క్యాన్సిల్ చేశాను. ఇప్పుడు డేటా యూసేజ్ 30 అని పెట్టి నడుపుతాను. ముప్పై శాతం కన్నా తక్కువ నిండిన ముక్కలను మాత్రమే కలుపుతుంది. స్టూడియో కట్టేసి ఇంటికెళ్లే ముందు మొదలుపెడితే పొద్దునకల్లా అయిపోతుంది. యూపీఎస్ బ్యాటరీ సరిగ్గా లేని రోజు మాత్రం నేను ఈ పని మొదలుపెట్టను, ఎండాకాలం మా కరెంటు సంగతి తెలిసిందే.

ఏ స్నాప్‌షాట్ తీసేస్తే ఎంత జాగా వస్తుందో ముందే తెలుసుకోవాలని, జాగా లెక్కగట్టే కోటా గ్రూపులు ఆన్ చేసి చూశాను. లెక్క బాగానే కనిపించింది కానీ, స్నాప్‌షాట్లు డిలీట్ అవుతున్నంతసేపూ సర్వర్ మొరాయించింది. విండోస్ మెషిన్లలో ఫోల్డర్ తెరవడానికే నిమిషాలు పట్టింది. ఆఫ్ చేశాను. "ఫైల్‌సిస్టమ్ డీయూ" కమాండ్ నిదానమే అయినా, ఏ స్నాప్‌షాట్‌కు ఎంత సొంతం, ఎంత ఉమ్మడి అని అదీ చెబుతుంది. చెదిరిన ఫైలు ముక్కలను ఒకచోట చేర్చే డీఫ్రాగ్‌మెంట్ జోలికి అసలు వెళ్లకండి. అది ఉమ్మడిగా ఉన్న డేటాను వేరు చేసి మళ్లీ రాస్తుంది, దాంతో జాగా తగ్గాల్సింది పోయి పెరుగుతుంది.

నాకు అన్నిటికన్నా పనికొచ్చిన మార్పు చాలా చిన్నది. వీడియో మిక్సింగ్‌లో క్యాష్, ప్రాక్సీ అనే తాత్కాలిక ఫైళ్లు రోజూ కొత్తగా పుడతాయి, పోతాయి. అవన్నీ స్నాప్‌షాట్లలో ఇరుక్కునేవి. ఆ ఫోల్డర్‌ను విడి సబ్‌వాల్యూమ్‌గా చేశాను. ఒక సబ్‌వాల్యూమ్ స్నాప్‌షాట్ లోపలున్న ఇంకో సబ్‌వాల్యూమ్‌లోకి వెళ్లదు కాబట్టి, క్యాష్ డిలీట్ చేస్తే జాగా ఆలస్యం లేకుండా వస్తోంది. స్నాపర్‌లో గంటలవి పది ఉంచి, రోజులవి ఏడుకు తగ్గించాను, నెలలవి రెండు చేశాను, ఏళ్లవి తీసేశాను.

స్నాప్‌షాట్ ఉంది కదా అని బ్యాకప్ మానేస్తే మాత్రం కష్టం. డిస్కు పోతే ఫైళ్లూ, స్నాప్‌షాట్లూ కలిసే పోతాయి. నేను ఇంట్లో ఉన్న రెండో డిస్కుకు వారానికోసారి బీటీఆర్‌ఎఫ్‌ఎస్ సెండ్, రిసీవ్ కమాండ్లతో స్నాప్‌షాట్ పంపుతాను. పోయిన వారం పంపిన స్నాప్‌షాట్ రెండు వైపులా ఉంటేనే ఈ వారం తేడా మాత్రమే వెళ్తుంది. ఒకసారి జాగా కోసం సర్వర్‌లో దాన్ని కూడా తీసేశాను. మొత్తం మొదటి నుంచి పంపాల్సి వచ్చింది, రోజున్నర పట్టింది. ఇప్పుడు దాని పేరు ముందు "తీయొద్దు" అని పెట్టుకున్నాను.

ఫోటో స్టూడియో, డీటీపీ సెంటర్ లాంటి చోట్ల, కమాండ్లు నాలుగు నేర్చుకునే ఓపిక ఉన్నవాళ్లకు దీన్ని ధైర్యంగా చెబుతాను. డిస్కును తొంభై శాతం పైన నింపి నడిపేవాళ్లకు చెప్పను. వచ్చే సీజన్‌కు 16 టెరాబైట్ల డిస్కు తీసుకుంటున్నాను. దాన్ని కూడా బీటీఆర్‌ఎఫ్‌ఎస్‌తోనే ఫార్మాట్ చేస్తాను, క్యాష్ సబ్‌వాల్యూమ్ మాత్రం మొదటి రోజే విడిగా పెడతాను.