ఎక్స్‌ప్లోరర్ 8.8 యాక్సిల్: కొయ్యడానికి వీలైనదే, కానీ ముందు రిమ్ము కొలవండి

వెనక యాక్సిల్ కురచ చేస్తే టైరుకి చోటు పెరుగుతుందని చాలామంది అనుకుంటారు. పెరగదు. రిమ్ము బిగించే ఫ్లాంజ్ లోపలికి జరుగుతుంది, అంతే. ఇప్పటికే టైరు స్ప్రింగుకో ఛాసిస్‌కో రాసుకుంటుంటే యాక్సిల్ కోసి లాభం లేదు. లోపల ఖాళీ ఉండి, టైరు ఫెండర్ దాటి బయటికొస్తుంటే ముందు ఎక్కువ బ్యాక్‌స్పేసింగ్ (రిమ్ము లోపలి అంచు నుంచి ఫ్లాంజ్‌కి ఆనే చోటు దాకా దూరం) ఉన్న రిమ్ము చూడండి: అది ఒక అంగుళం పెరిగితే టైరు అంగుళం లోపలికి వెళ్తుంది. అలాంటి రిమ్ము దొరక్కపోయినా, దొరికింది బ్రేక్ క్యాలిపర్‌కి తగులుతున్నా అప్పుడు కోత మాట. కొలతలు బండి బరువు చక్రాల మీద ఉండగానే తీయాలి. టైరు వెడల్పు అంటే ట్రెడ్ కాదు, పక్కగోడ ఉబ్బు.

కొయ్యాల్సే వస్తే, మీ బండికి వేసుకోవడానికి 1995–2001 ఫోర్డ్ ఎక్స్‌ప్లోరర్ల 8.8 యాక్సిల్ (లోపలి పెద్ద పళ్ల చక్రం 8.8 అంగుళాలు) మంచి బేరం. కొసన 31 పళ్లు (స్ప్లైన్లు) ఉన్న షాఫ్టులు, డిస్క్ బ్రేకులు దానితోనే వస్తాయి. ఫ్లాంజ్ నుంచి ఫ్లాంజ్‌కి దాదాపు 59.5 అంగుళాలు. ఎడమ ట్యూబు కుడిదానికంటే సుమారు 3 అంగుళాలు పొడవు. దాన్ని తగ్గించి, కుడివైపు షాఫ్టే ఇంకొకటి పాత సామాన్లలో సంపాదించి ఎడమకి వేస్తే సరి. షాఫ్టులు ప్రత్యేకంగా చేయించే ఖర్చు తప్పుతుంది, పినియన్ (ఇంజిన్ వైపు నుంచి వచ్చే షాఫ్టు తిప్పే చిన్న పళ్ల చక్రం) కూడా మధ్యకి దగ్గరవుతుంది. రెండు షాఫ్టులూ పక్కపక్కన పెట్టి చూడండి, వాటి తేడా ఎంతో కోత అంత. అంతకుమించి తగ్గించాలంటే ఈ లాభం పోతుంది.

పని చెడేది వెల్డింగ్ దగ్గర. స్ప్రింగ్ సీట్లు, షాక్ బ్రాకెట్లు ముందే వెల్డ్ చేయించాలి, ఆ వేడికి ట్యూబు వంగుతుంది కాబట్టి. పినియన్ కోణం చూసుకోకుండా సీట్లు అతికించొద్దు. హౌసింగ్ చివర (బేరింగు, బ్రేకు కూర్చునే ట్యూబు కొస) ఆఖరున అతకాలి. కొయ్యకముందే ట్యూబు మీద పొడవునా గీత గీయకపోతే బ్రేక్ బ్రాకెట్ తిరిగిపోతుంది. మధ్యనున్న డిఫరెన్షియల్ బేరింగుల చోట నడుమ రంధ్రమున్న బిళ్లలు (పక్‌లు) పెట్టి, వాటి మధ్యలోంచి వంకరలేని కడ్డీ దూర్చి, ఎదురెదురుగా చిన్న చిన్న అతుకులు వేస్తూ, చల్లారనిస్తూ, కడ్డీ చేత్తో తిరుగుతోందో లేదో చూస్తూ పోవాలి. కడ్డీ లేకుండా కంటిచూపుతో చేసే షాపుకి ఈ పని ఇవ్వకండి. 8.8లో బేరింగ్ రోలర్లు నేరుగా షాఫ్టు మీదే దొర్లుతాయి. చివర కొంచెం వంకరైనా ముందు సీల్ కారుతుంది, తర్వాత షాఫ్టే అరుగుతుంది. ట్యూబులు మధ్య పోత భాగంలోకి ఒత్తి బిగించినవి. తిప్పే బలం (టార్క్) ఎక్కువైతే తిరుగుతాయి, కాబట్టి అక్కడ కూడా అతకాలి. పోత ఇనుముకి మామూలు రాడ్డు పనికిరాదు, ముందు వేడి చేసి నికెల్ రాడ్డుతో అతకాలి.

రోడ్డు బండికి ఇది నిక్షేపంలా సరిపోతుంది. డ్రాగ్ స్లిక్స్ (రేసుల్లో వాడే, గీతల్లేని టైర్లు) వేసి, నిలబడ్డ చోటు నుంచి ఒక్కసారిగా దూకించే బండికి మాత్రం వద్దు: షాఫ్టుని పట్టి ఉంచేది లోపలి సీ-క్లిప్ (C ఆకారపు లాకు) ఒక్కటే, షాఫ్టు విరిగితే చక్రంతో సహా బయటికొస్తుంది. ఆ పనికి చివర్లో బోల్టులతో షాఫ్టుని పట్టే ఫోర్డ్ 9 అంగుళాల యాక్సిలే తీసుకోండి, దాని పినియన్ కిందకుండడం వల్ల కొంత శక్తి రాపిడికి పోయినా సరే.