షికాగో పేటల్లో ఐదు గంటలు: ఒక గైడెడ్ టూర్‌పై సమీక్ష

షికాగో పశ్చిమ శివార్లలో స్థిరపడిన తెలుగు కుటుంబాల్లో, చదువుకోవడానికి కొత్తగా వచ్చిన పిల్లలకు మొదటి వారంలోనే చెప్పే జాగ్రత్త ఒకటుంది: నేరాలకు పేరుపడ్డ దక్షిణ భాగం, సౌత్ సైడ్ వైపు వెళ్ళకండి. పన్నెండేళ్ళుగా నేనూ ఆ మాట చెబుతూనే వచ్చాను. సామాజికశాస్త్రం చదువుతున్న మా మేనకోడలు ఈ వేసవిలో "ఎందుకు వెళ్ళకూడదు, అత్తయ్యా?" అని అడిగితే, నా దగ్గర భయం తప్ప జవాబు లేదని తెలిసింది. పేదలుండే నగర పేటల్లో నేరాలు ఎందుకు పెరుగుతాయన్న ప్రశ్నకు పండితులు ఇచ్చిన వివరణలను, అవి పుట్టిన వీధుల్లోనే చూపిస్తామంటూ ఒక చిన్న సంస్థ నడుపుతున్న పర్యటన ఆమె కంటపడింది. తలకు 60 డాలర్లు కట్టి, ఒక శనివారం ఉదయం తొమ్మిదింటికి మరో పదిమందితో పాటు ఇద్దరం వ్యాను ఎక్కాం.

మా గైడ్ సౌత్ సైడ్‌లోనే పుట్టి పెరిగి, అక్కడి బడిలోనే పాఠాలు చెప్పి విశ్రాంతి తీసుకుంటున్న ఉపాధ్యాయురాలు. మొదటి మజిలీ హాల్‌స్టెడ్ వీధిలోని హల్ హౌస్. జేన్ ఆడమ్స్, ఎలెన్ గేట్స్ స్టార్ 1889లో వలస కార్మికుల మధ్య నెలకొల్పిన ఈ సేవాకేంద్రంలో ఇప్పుడు రెండు భవనాలే మిగిలాయి. మిగతావాటిని 1960లలో విశ్వవిద్యాలయ ప్రాంగణం కోసం కూల్చివేశారు. ఇక్కడివారు ఇల్లిల్లూ తిరిగి, ఏ ఇంట్లో ఏ దేశంవారు ఉన్నారో, వారానికి ఎంత సంపాదిస్తున్నారో రంగులు వేసి 1895లో పటాలు అచ్చువేశారు. ఆ పటం నకలు మా చేతికిచ్చి, వారానికి 5 డాలర్లు కూడా దాటని కుటుంబాల నల్లరంగు గళ్ళను వేలితో వెతకమన్నారు. అమెరికాలో మొదటి బాలనేరస్థుల న్యాయస్థానం 1899లో ఈ నగరంలోనే ఏర్పడిందనీ, దాని వెనుక ఈ ఇంటి స్త్రీల కృషి ఎంతో ఉందనీ అక్కడే విన్నాం.

టికెట్ డబ్బులు గిట్టుబాటయిన ఘట్టం ఆ తర్వాత వ్యానులోనే జరిగింది. గైడ్ మూడు పారదర్శక కాగితాలు తీశారు. షికాగో సామాజికశాస్త్రజ్ఞులు క్లిఫర్డ్ షా, హెన్రీ మెకే 1942లో ప్రచురించిన పరిశోధన ఆధారంగా తయారుచేసుకున్న పటాలవి. బాలనేరస్థుల న్యాయస్థానానికి వచ్చిన పిల్లల ఇళ్ళు ఎక్కడెక్కడ ఉన్నాయో చుక్కలుగా గుర్తించారు: ఒకటి 1900–06 నాటిది, రెండోది 1917–23, మూడోది 1927–33. ఒకదానిమీద ఒకటి పేర్చి కిటికీ వెలుతురుకు ఎత్తి పట్టుకుంటే, చుక్కలు చాలావరకు అవే పేటల్లో గుమిగూడి కనిపించాయి. నగర మధ్యభాగాన్నీ ఫ్యాక్టరీలనూ ఆనుకుని దట్టంగా, బయటికి వెళ్ళేకొద్దీ పలుచగా ఉన్నాయి. ఈ ముప్పై ఏళ్ళలో ఆ ఇళ్ళలోంచి జర్మన్లు, ఐరిష్ వారు వెళ్ళిపోయారు, పోలిష్, ఇటాలియన్ కుటుంబాలు దిగాయి, కొన్నిచోట్ల నల్లజాతివారు వచ్చారు. జనం మారినా చుక్కలు కదల్లేదంటే, కారణాన్ని జాతిలోనో రక్తంలోనో వెతకడం వృథా అని ఆ పటాలే చెబుతున్నాయి. స్థిరంగా ఉండని అద్దె బతుకులు, పేదరికం, ఒకరినొకరు ఎరగని ఇరుగుపొరుగు పిల్లల మీద పెద్దల అదుపును సడలిస్తాయన్నది వారి వివరణ. సామాజిక విఘటన సిద్ధాంతం అంటే అదే.

మా మేనకోడలు వెంటనే అడ్డుప్రశ్న వేసింది: న్యాయస్థానం దాకా వచ్చినవారి లెక్క నేరాల లెక్క ఎలా అవుతుంది, పోలీసులు ఎక్కువ తిరిగే పేటలో పిల్లలు ఎక్కువగా దొరకరా అని. గైడ్ దాటవేయలేదు. ఆ లోపం నిజమేనని ఒప్పుకుని, ముద్ర వేయడం వల్లే మనిషి నేరస్థుడిగా స్థిరపడే తీరును ఓపికగా వివరించారు. నాకు బాపట్ల దగ్గరి స్టువర్టుపురం గుర్తుకొచ్చింది. బ్రిటిష్ పాలకుల నేరస్థ తెగల చట్టం పుట్టుకతోనే దొంగలని ముద్ర వేసిన కుటుంబాలను తెచ్చి అక్కడ ఉంచారు. 1952కల్లా దేశమంతటా ఆ చట్టం పోయినా ఊరిపేరు చెప్పగానే ఎదుటివాడి చూపు మారడం మాత్రం ఆగలేదు.

స్టేట్ వీధిలో ఒకప్పుడు పేదలకోసం ప్రభుత్వం కట్టిన రాబర్ట్ టేలర్ హోమ్స్ అనే ఇళ్ళ సముదాయం ఉన్నచోట దిగాం. పదహారేసి అంతస్తుల 28 భవనాలు 1962కల్లా ఇక్కడ వరుసగా లేచాయి. చివరిది 2007లో నేలమట్టమైంది. గడ్డి మొలిచిన ఖాళీ జాగాల పక్కనే డాన్ రయన్ రహదారి హోరు వినిపిస్తుంది. షా, మెకేల వివరణలో ఉన్న పెద్ద లోటును గైడ్ ఇక్కడ పూరించారు. ఆ పరిశోధకులు నగరం చెట్టులా దానంతటదే పెరుగుతుందన్నట్టు రాశారు. కానీ నల్లవారి పేటలను 1930లలో పటాలమీద ఎర్రగీత గీసి అప్పులకు దూరం చేసింది మనుషులే. బ్యాంకు అప్పు దొరకని కుటుంబాలు నగర పశ్చిమాన ఉన్న లాండేల్ వంటి పేటల్లో వాయిదాల ఒప్పందంమీద ఇళ్ళు కొనుక్కుని, ఒక్క వాయిదా తప్పితే కట్టిందంతా పోగొట్టుకున్న కథ చెబుతున్నప్పుడు ఆమె గొంతు వణికింది. ఫ్యాక్టరీలు మూతపడి ఉద్యోగాలు పోయాక, స్తోమత ఉన్నవారు తరలిపోగా నిరుపేదలే ఒకచోట మిగిలిపోవడం గురించి సామాజికశాస్త్రజ్ఞుడు విలియం జూలియస్ విల్సన్ 1987లో చెప్పిన మాట ఆ నేలమీద నిలబడి వింటే వేరుగా ఉంటుంది.

ఇక లోపాలు. మద్యనిషేధ కాలపు గ్యాంగ్‌స్టర్ల స్థావరం అంటూ ఒకచోట నలభై నిమిషాలు ఆపారు. ఫొటోలకు తప్ప ఆ మజిలీ దేనికీ పనికిరాదు, పైగా నేరమంటే సినిమా అన్న భావననే బలపరుస్తుంది. ఆ ఆలస్యం వల్ల, ఆశలు చూపి దారులు మూసే సమాజమే మనుషుల్ని నేరంవైపు నెడుతుందంటూ సామాజికశాస్త్రజ్ఞుడు రాబర్ట్ మెర్టన్ 1938లో చేసిన ప్రతిపాదనకు రెండు వాక్యాలే దక్కాయి. గరగరలాడే మైకులో వెనక సీటువారికి అవీ వినపడలేదు. అంతకన్నా నన్ను బాధించింది, ఆ పేటల్లో ఇప్పుడు నివసిస్తున్నవారిలో ఒక్కరితోనూ మాట్లాడించకపోవడం. అద్దాల వెనకనుంచి ఇతరుల వాకిళ్ళను చూస్తూ పోవడం మర్యాద కాదని సంస్థవారికి రాసిచ్చాను.

ఆఖరి మజిలీ సౌత్ షికాగోలోని రస్సెల్ స్క్వేర్. 1992లో మూతపడిన సౌత్ వర్క్స్ ఉక్కు కర్మాగారం ఇక్కడికి దగ్గరే. పోలిష్ కార్మికుల ఈ పేటలోనే షా 1930లలో బాలనేరాలను తగ్గించే తన ప్రయోగం మొదలుపెట్టి, బయటివారికి బదులు పేటలోని యువకులనే పనిలోకి తీసుకుని, చర్చి సాయంతో పిల్లలకు ఆటలు, క్లబ్బులు ఏర్పాటు చేశారు. సామాజికశాస్త్రజ్ఞుడు రాబర్ట్ శాంప్సన్ బృందం షికాగో పేటలపై 1997లో ప్రకటించిన అధ్యయనాన్ని గైడ్ అక్కడి బల్లమీద కూర్చుని వివరించారు. 343 పేటల్లో 8,782 మందిని వారు అడిగిన ప్రశ్నలు చాలా మామూలువి: పిల్లలు బడి ఎగ్గొట్టి వీధి మూలన నిలబడితే పొరుగువారు కల్పించుకుంటారా, మీ వీధిలోవారిని నమ్మవచ్చా. అవునన్న జవాబులు ఎక్కువగా వచ్చిన పేటల్లో, పేదరికం సమానంగా ఉన్నా, హింస తక్కువగా కనిపించింది. మా వీధిలో ఎవరైనా అలా కల్పించుకుంటారా అని మేనకోడలు మెల్లగా అడిగింది. మా పక్కింటివారి పేరు నాకు ఇంకా తెలియదు.

పదహారేళ్ళు దాటిన పిల్లలున్నవారు వారిని వెంటబెట్టుకుని తప్పక వెళ్ళవలసిన పర్యటన ఇది. ముందు సీట్లు అడిగి తీసుకోండి, ఇళ్ళను ఫొటో తీయకండి. వ్యానుకు డబ్బు పెట్టలేనివారికి, 83వ వీధి మెట్రా రైలు స్టేషన్ నుంచి రస్సెల్ స్క్వేర్ నడిచిపోయేంత దగ్గర. మా మేనకోడలు పోయిన ఆదివారం ఒంటరిగానే వెళ్ళి వచ్చింది.