బట్టల కత్తెరకు ఇంటి సాన: ఒక కార్బొరండం రాయి పనితీరు

అనంతపురం పాతూరులోని ఒక హార్డ్‌వేర్ దుకాణంలో కొన్న, ఒకవైపు గరుకుగానూ మరోవైపు నునుపుగానూ ఉండే ఈ కార్బొరండం (సిలికాన్ కార్బైడ్ అనే గట్టి పదార్థం) సానరాయి బట్టల కత్తెరకు చక్కగా పనికొస్తోంది. ధర్మవరం పట్టు రవిక గుడ్డను కత్తిరించేటప్పుడు పోగు తెగకుండా మొనల మధ్య నలిగితే, పదును తగ్గినట్టే లెక్క. అప్పుడు కత్తెరను పూర్తిగా తెరిచి, తయారీలోనే వచ్చిన ఏటవాలు అంచును మాత్రమే రాయికి ఆనించి, పిడి వైపు నుంచి మొన వరకు అదే వాలులో లాగాలి. రెండు బ్లేడ్లు ఒరుసుకునే లోపలి వైపును ఏటవాలుగా రుద్దితే, అంచు ఎంత పదునుగా ఉన్నా కత్తెర గుడ్డను మడతపెడుతుందే గానీ తెంచదు. గరుకు వైపుతో నాకు పెద్దగా పని పడలేదు. రాయి పైభాగం కాస్త ఎత్తుపల్లాలుగా ఉండడం మాత్రం నిజంగా లోపమే.

వీధిలో తిరిగే సాన చక్రంవారు క్షణాల్లో పని ముగిస్తారు గానీ, చక్రం రాపిడికి పుట్టే వేడిలో అంచు గట్టిదనం కోల్పోయే ప్రమాదం ఉంది. 2013లో భౌగోళిక గుర్తింపు పొందిన మీరట్ కత్తెరలు మళ్లీ మళ్లీ సాన పట్టించుకోవడానికి అనువైనవి కాబట్టి, వాటికి ఈ శ్రమ దండగ కాదు. చివర్లో రెండు బ్లేడ్లను కలిపే మర దగ్గర ఒక్క చుక్క మిషన్ నూనె వేసి, పాత గుడ్డపేలికను కత్తిరించి చూడాలి; లేదంటే ఆ నూనె మరక పట్టుకే అంటుకుంటుంది.