లంకావిలో హలాల్ భోజనానికి ఏజెంటుకి అదనంగా కట్టకండి

హైదరాబాద్ నుంచి జంటగా మలేషియాలోని లంకావి దీవికి వెళ్ళాలనుకునేవాళ్ళకి ముందే చెప్తున్నాను. ఏజెంటు 'హలాల్ ప్యాకేజీ' అని వేరే రేటు చెబితే వద్దనండి. మా దగ్గర ఇద్దరికీ కలిపి 9,500 రూపాయలు దానికే తీసుకున్నారు. మలేషియాలో దిగేముందు ఆన్‌లైన్‌లో నింపాల్సిన అరైవల్ కార్డుకి మనిషికి ఇంకో 1,500. ఆ కార్డు ప్రభుత్వ వెబ్‌సైట్‌లో ఉచితం. చేరే తేదీకి మూడు రోజుల లోపు మనమే ఫోన్‌లో నింపుకోవచ్చు. 2023 డిసెంబర్ నుంచి మన పాస్‌పోర్టుకి అక్కడ 30 రోజుల దాకా వీసా కూడా అడగడం లేదు. ఈ రెండు విషయాలూ మాకు టోలిచౌకిలో ఆఫీసు పెట్టుకున్న ఆ ఏజెంటు చెప్పలేదు, అక్కడికి వెళ్ళాకే తెలిశాయి.

పిల్లల్ని నల్గొండలో మా అమ్మ దగ్గర వదిలి బయల్దేరాం. శంషాబాద్ నుంచి కౌలాలంపూర్, అక్కడ విమానం మారి గంటలో లంకావి. ఇద్దరికీ రానూపోనూ 58,400 అయింది. దారిలో ఏ ఇబ్బందీ లేదు.

ఇబ్బంది రిసార్టులో మొదలైంది. 'సీ వ్యూ' అని రాసిచ్చిన గది బాల్కనీలో నిలబడితే ఎదురుగా పార్కింగ్, దాని అవతల ఇంకో బ్లాకు. ఆ రెండింటి సందులోంచి తలుపు వెడల్పంత సముద్రం. ఆడవాళ్ళకి స్విమ్మింగ్ పూల్‌లో ప్రత్యేక సమయం ఉంటుందని ఏజెంటు గట్టిగా చెప్పాడు. రిసెప్షన్‌లో అడిగితే అలాంటిది ఎప్పుడూ లేదన్నారు, పాపం ఆ అమ్మాయికే ఆశ్చర్యం. ఒళ్ళంతా కప్పే ఈత దుస్తులు, బుర్ఖినీతో ఎప్పుడైనా దిగొచ్చని మాత్రం చెప్పింది. విదేశీయులు గదికి రాత్రికి 10 రింగిట్ల టూరిజం పన్ను కౌంటర్లోనే కట్టాలి. అది న్యాయమైనదే, కానీ మాకు ముందు చెప్పాల్సింది. మేం వెళ్ళినప్పుడు రింగిట్ దాదాపు 21 రూపాయలు.

ఆ సాయంత్రం మాత్రం నేను మర్చిపోలేను. ప్యాకేజీ భోజనం పెట్టే హోటల్‌కి తీసుకెళ్ళే వ్యాన్ ఆరున్నరకి వచ్చింది. లంకావిలో గడియారం మనకన్నా రెండున్నర గంటలు ముందు, పైగా ఆ దీవి దేశానికి పడమటి అంచున ఉంది. అందుకని పొద్దు గూకేది ఏడు దాటాకే. అంటే చెనాంగ్ బీచ్‌లో జనమంతా సూర్యాస్తమయం కోసం ఇసుకలో చేరే సమయానికి మమ్మల్ని వ్యాన్ ఎక్కించారు. పొద్దు గూకాక చదివే మగ్రిబ్ నమాజు కూడా ఆ హోటల్లో ఒక మూల, చెప్పుల స్టాండు పక్కన చదువుకున్నాం. తిండి ఏమిటంటే చల్లారిపోయిన చికెన్ కర్రీ, పప్పు, అప్పడంలా ఎండిన రొట్టె. మా ఆయన రెండు ముద్దలు తిని చెయ్యి కడిగేసుకున్నారు. "దీనికోసమా సముద్రం దాటి వచ్చాం?" అన్నారు. మళ్ళీ గదికి చేరేదాకా నోరు విప్పలేదు.

తిరుగు దారిలో కిటికీలోంచి చూస్తే రోడ్డుకి రెండు పక్కలా హలాల్ ముద్ర ఉన్న హోటళ్ళే. ఒళ్ళు మండింది. మర్నాడే వ్యాన్ వద్దని చెప్పేశాం. డబ్బు వెనక్కి ఇవ్వం అన్నారు, పోనీ అనుకున్నాం.

ఆ మధ్యాహ్నం ఒక నాసి కందర్ హోటల్‌కి వెళ్ళాం. తమిళ ముస్లింలు పెనాంగ్ వీధుల్లో కావడి మోసుకుని అమ్మిన భోజనం ఇది, ఇప్పుడు దేశమంతా దొరుకుతుంది. వేడివేడి అన్నం పెట్టి, దాని మీద మనం చూపించిన కోడి ముక్క, నిలువునా ఉడికించిన బెండకాయలు వేస్తారు. తర్వాత కౌంటర్ దగ్గరి పెద్దాయన చేపల పులుసు ఒక గరిటె, మాంసం పులుసు ఒక గరిటె, నల్లటి సోయా పులుసు ఇంకో గరిటె ఒకదాని మీద ఒకటి పోశాడు. అన్నం ములిగిపోయింది. పులుపు, కారం, లవంగం ఘాటు అన్నీ ఒక్క ముద్దలో తగిలాయి. ప్లేటు 14 రింగిట్లు. మన పరోటాలాంటి రోటీ చనాయ్ 2, పైనుంచి పొడుగ్గా తిరగబోసి ఇచ్చే చిక్కటి టీ రెండున్నర. మా ఆయన రెండోసారి అన్నం పెట్టించుకున్నారు.

ఆయన సంగతి చెప్పాలి. ఏ ఊరు వెళ్ళినా హోటల్లో కూర్చోగానే మాంసం ఎక్కడిది, ఎవరు కోశారు అని అడుగుతారు. సరైన జవాబు రాకపోతే గుడ్డు, పప్పుతో సరిపెట్టుకుంటారు. గోవాలో అలాగే జరిగింది, ఆయన తినకపోతే నాకూ ముద్ద దిగదు. లంకావిలో ఆ ప్రశ్నే రాలేదు. గోడ మీద ముద్ర చూసి నేరుగా మెనూ తెరిచేవారు. పెళ్ళైన ఇన్నేళ్ళలో ఆయన బయట ఇంత టెన్షన్ లేకుండా తినడం నేను చూడలేదు.

ఆ ముద్ర జాకిమ్ అనే ప్రభుత్వ శాఖది. గుండ్రటి గుర్తు, మధ్యలో ఎనిమిది కోణాల నక్షత్రం, అందులో అరబీలో హలాల్ అని ఉంటుంది. అలాగని కళ్ళు మూసుకుని ఎక్కడపడితే అక్కడ తినకండి. లంకావి సుంకం లేని దీవి, మద్యం చౌక, బీచ్ పక్కన బార్లున్నాయి. 'నో పోర్క్, నో లార్డ్' అని మాత్రమే బోర్డు పెట్టిన చోట పంది మాంసం ఉండదు, కానీ కోడి హలాల్ అని దానర్థం కాదు. ముద్ర లేని చిన్న మలయ్ కొట్లలో మేం తిన్నాం, వండేవాళ్ళూ తినేవాళ్ళూ ముస్లింలే కాబట్టి మాకు అనుమానం రాలేదు. అరటాకు మీద సంబల్ అనే మిరపకాయ ముద్ద పట్టించి కాల్చిన చేప 35 రింగిట్లు, ఇద్దరికీ చాలింది.

ప్యాకేజీ రాత్రులు అయిపోగానే ఒక మలయ్ ఆవిడ నడిపే చెక్క కాటేజీకి మారాం. రాత్రికి 160 రింగిట్లు, రిసార్టులో మాకు పడినదానిలో సగం కన్నా తక్కువ. గది పైకప్పుకి మక్కా దిక్కు చూపే ఖిబ్లా బాణం గుర్తు అంటించి ఉంది. అడక్కుండానే నమాజుకి పరిచే జానమాజ్ తెచ్చిచ్చింది. ఏసీ కాస్త మోత, స్నానాల గదిలో నీళ్ళు సన్నగా వస్తాయి, అయినా మళ్ళీ వెళ్తే అక్కడే దిగుతాను. రోడ్డు దాటితే చెనాంగ్ ఇసుక. తెల్లవారుజామున చదివే ఫజర్ ఆరు ప్రాంతంలో అవుతుంది, నమాజు చదివి అలా నడిచేవాళ్ళం, ఆ సమయానికి బీచ్‌లో జెట్ స్కీల గోల ఉండదు.

కేబుల్ కారు, 125 మీటర్ల వంపు తిరిగిన స్కై బ్రిడ్జి, కిలిమ్ మడ అడవుల్లో పడవ, అన్నీ బాగున్నాయి. బ్రిడ్జి మీద మేఘం కమ్మి ఏమీ కనపడకపోతే కాసేపు ఆగండి, తేలిపోతుంది.

వెళ్తే డిసెంబర్, మార్చి మధ్య వెళ్ళండి. సెప్టెంబర్, అక్టోబర్‌లలో వానలు ఎక్కువ. శుక్రవారం అక్కడ సెలవు, మధ్యాహ్నం నమాజు వేళకి చాలా కొట్లు మూసేస్తారు, ముందే తినేయండి. టాక్సీకి గ్రాబ్ యాప్ పనిచేస్తుంది. ఏజెంటుతో వెళ్ళక తప్పదంటే, ఇచ్చిన ప్రతి మాటా, గది నంబరుతో సహా, వాట్సాప్‌లో రాయించుకోండి. మా దగ్గర అలా రాసినవి ఉన్నాయి కాబట్టే పూల్ గురించీ సీ వ్యూ గురించీ గట్టిగా అడగ్గలిగాం. ఇప్పటికి 4,000 వెనక్కి ఇచ్చారు, మిగతాదానికి ఫోన్ చేస్తూనే ఉన్నాను.