ఎల్ రెండు, టీ ఒకటి: ఒక ఇంటిపేరు వెంట స్కాట్లాండ్ సరిహద్దు దాకా

అమరావతి స్తూపం పలకలకు లండన్‌లో ఒకప్పుడు 'ఇలియట్ మార్బుల్స్' అని పేరు. 1845లో గుంటూరు సీమకు కమిషనర్‌గా వచ్చి ఆ దిబ్బను తవ్వించిన సర్ వాల్టర్ ఇలియట్ పేరు మీదుగా వచ్చింది. నాకు ఆయన మీద ఆసక్తి పుట్టించింది మాత్రం శిల్పాలు కాదు, 1859లో మద్రాసులో అచ్చయిన 'ఫ్లోరా ఆంధ్రికా'. ఉత్తర సర్కారు జిల్లాల చెట్ల తెలుగు పేర్లను శాస్త్రీయ నామాలతో కలిపి చేసిన జాబితా అది. మన పొలం గట్ల మీది మొక్కల పేర్లను అంత శ్రద్ధగా పోగు చేసిన మనిషి ఏ ఊరివాడు, ఏ వంశంవాడు అన్న ప్రశ్న నన్ను స్కాట్లాండ్ దక్షిణపు అంచుకు తీసుకెళ్ళింది.

ఇలియట్ అనే పేరు ప్రపంచమంతా ఉంది. ఆయన రాసుకున్న తీరు, అంటే ఎల్ రెండు, టీ ఒకటి, కొన్ని ఇళ్ళకే చెందింది. దీని మీద అక్కడ ఒక పాత పద్యం ప్రచారంలో ఉంది. రెండు ఎల్‌లూ ఒక టీ అయితే మింటో, వుల్ఫ్‌లీ అనే ఎస్టేట్ల వాళ్ళు. ఒక ఎల్, రెండు టీలు అయితే స్టాబ్స్ వాళ్ళు. రెండూ రెండేసి ఉంటే వాళ్ళెవరో ఎవరికీ తెలియదంటుంది పద్యం. మన వాల్టర్ ఇలియట్ వుల్ఫ్‌లీ ఇంటివాడు.

వెతుకులాట ఎడిన్‌బరాలో మొదలుపెట్టడం మేలు. ప్రిన్సెస్ స్ట్రీట్ తూర్పు కొసన జనరల్ రిజిస్టర్ హౌస్‌లో 'స్కాట్లాండ్స్ పీపుల్' కేంద్రం ఉంది. సీటు ముందే బుక్ చేసుకోవాలి. నేను వెళ్ళినప్పుడు రోజుకు 15 పౌండ్లు తీసుకున్నారు. ఇంటి నుంచి ఆన్‌లైన్‌లో అయితే ఒక్కో పేజీ తెరవడానికి పౌండున్నర దాకా అవుతుంది. అక్కడ కూర్చుంటే ఆ లెక్క లేకుండా సాయంత్రం దాకా చూసుకోవచ్చు. ఒకే ఇంటిపేరు నాలుగు రకాల స్పెల్లింగుల్లో వెతకాల్సిన మనలాంటివాళ్ళకు ఇది చాలా లాభం. 1855 జనవరి నుంచి ప్రభుత్వ నమోదు ఉంది, అంతకు ముందువి చర్చి పుస్తకాలు. స్కాట్లాండ్ మరణ నమోదులో తల్లిదండ్రులిద్దరి పేర్లూ, తల్లి పుట్టింటి పేరూ రాస్తారు. ఒక్క కాగితంతో రెండు వంశాలు దొరుకుతాయి. సిబ్బంది ఓపిక గురించి ఎంత చెప్పినా తక్కువే. పాత చేతిరాత చదవలేక తంటాలు పడుతుంటే ఒకాయన వచ్చి పక్కన నిలబడి అక్షరం అక్షరం చదివించారు.

అక్కడి నుంచి హాయిక్ పట్టణానికి వెళ్ళాలి. ఇంగ్లీషులో రాసినట్టు చదివితే బస్సు డ్రైవరుకు అర్థం కాదు, 'హాయిక్' అనండి. 2015లో మళ్ళీ తెరిచిన బోర్డర్స్ రైల్వే ట్వీడ్‌బ్యాంక్ దాకానే వెళ్తుంది. కార్లైల్ దాకా సాగిన పాత లైను 1969లో మూసేశారు. ఎక్స్95 బస్సయితే ఎడిన్‌బరా నుంచి నేరుగా హాయిక్‌లో దించుతుంది. రైలెక్కి, గాలాషీల్స్‌లో దిగి అదే బస్సు పట్టుకోవడం నాకు హాయిగా అనిపించింది. హాయిక్‌లో హెరిటేజ్ హబ్ అనే ఆర్కైవ్ ఉంది. ఎడిన్‌బరాలో పేర్లు దొరికితే ఇక్కడ ఆ పేర్ల వెనక భూములు, పాత పటాలు, స్థానిక పత్రికలు దొరుకుతాయి. రావడానికి ముందే మెయిల్ పెట్టి ఏం కావాలో చెబితే బయటికి తీసి ఉంచుతారు.

బస విషయంలో ఒక మాట. హాయిక్‌లో మొదట దిగిన గదిలో హీటర్ రాత్రి పదికల్లా ఆగిపోయేది, అడిగితే అది ఇంటి నియమమన్నారు. మర్నాడు ఊరి అంచున ఒక చిన్న బెడ్ అండ్ బ్రేక్‌ఫాస్ట్‌కు మారాను. ఆ ఇంటావిడ నాకు మాంసం వద్దని తెలిసి పుట్టగొడుగులు, బీన్స్, టోస్ట్‌తో కడుపు నిండా పెట్టింది. శాకాహారులు ముందే చెప్పడం మంచిది, లేకపోతే పళ్ళెంలో గొర్రె లోపలి అవయవాలతో చేసే హాగిస్, రక్తంతో చేసే బ్లాక్ పుడింగ్ వచ్చేస్తాయి. ఎండుద్రాక్ష దండిగా వేసే సెల్కర్క్ బానక్ రొట్టె మాత్రం వదలొద్దు.

హాయిక్ దాటాక కారు లేనిదే పని జరగదు. మన లైసెన్సు అక్కడ పన్నెండు నెలలు చెల్లుతుంది, ఎడమవైపు నడపడం మనకు అలవాటే. లిడిస్‌డేల్ లోయకు వెళ్ళే బీ6399 రోడ్డు స్టాబ్స్ మీదుగా పోతుంది. వంశ నాయకుల కోట ఉన్న చోటది. 1712లో ఆ కోట తగలబడినప్పుడు కుటుంబపు పాత పత్రాలన్నీ బూడిదయ్యాయి. ఇలియట్ల మొదటి తరాల గురించి ఇవాళ ఎవరేం చెప్పినా అందులో సగం ఐతిహ్యం కావడానికి కారణం ఆ మంటే. ఉత్తరాన ఆంగస్ ప్రాంతం నుంచి రాబర్ట్ బ్రూస్ కాలంలో వలస వచ్చారన్నది అలాంటి కథ. కాగితం మీద ఈ పేరు ఎల్వాల్డ్, ఎల్వుడ్, ఎలట్ అని రకరకాలుగా కనిపిస్తుంది. ఇంకాస్త ముందుకెళ్తే పదిహేను కమానుల షాంకెండ్ రైలు వంతెన వస్తుంది, పట్టాలు లేవు, వంతెన అలాగే నిలబడి ఉంది.

యాత్ర మొత్తంలో ఒక్కటే చూడగలిగితే లిడిస్‌డేల్‌లోని హెర్మిటేజ్ కోట చూడండి. చుట్టూ బోడి కొండలు, గొర్రెలు, ఒక వాగు, మధ్యలో కిటికీలు దాదాపు లేని రాతి గుట్టలాంటి కట్టడం. 1566 అక్టోబరులో ఈ కోట అధికారి బాత్‌వెల్ ప్రభువును పార్క్ ఇంటి జాన్ ఇలియట్ కత్తితో పొడిచాడు. గాయపడినవాణ్ణి చూడటానికి స్కాట్లాండ్ రాణి మేరీ జెడ్‌బరా నుంచి గుర్రం మీద వచ్చి, అదే రోజు తిరిగి వెళ్ళి జబ్బున పడింది. ఇలియట్లు, పొరుగు వంశమైన ఆర్మ్‌స్ట్రాంగులు స్కాట్లాండ్, ఇంగ్లాండ్ రాజ్యాల మధ్య పశువుల్ని తోలుకుపోతూ, ఇళ్ళు తగలబెడుతూ బతికిన కాలమది. 1603లో రెండు కిరీటాలు ఒక్క తలకెక్కాక ఉరికొయ్యలతో, దేశబహిష్కారాలతో వాళ్ళను అణిచేశారు. ఈ నేలను చూస్తే ఆ బతుకు అర్థమవుతుంది. పంట పండదు, సైన్యాలు వచ్చిపోతుంటాయి, బంధుబలగం తప్ప రక్షణ లేదు. అలాంటి చోట ఇంటిపేరే ప్రాణం.

కోటకు దక్షిణంగా ఐదు మైళ్ళలో న్యూకాసిల్టన్. 1793లో బక్లూ డ్యూక్ నేతగాళ్ళ కోసం వేయించిన ఊరు, వీధులన్నీ గీత గీసినట్టుంటాయి. ఊరి పైన ఎటిల్టన్ శ్మశానంలో రాళ్ళ మీద ఇలియట్లు, ఆర్మ్‌స్ట్రాంగులు పక్కపక్కనే ఉన్నారు. పద్యంలో చెప్పినంత శుభ్రంగా స్పెల్లింగులు అక్కడ విడిపోవు. కాబట్టి అక్షరాన్ని నమ్మి శాఖను తేల్చేయకండి, భూమి పేరుతో సరిచూసుకోండి.

జెడ్‌బరా అందమైన ఊరు. మేరీ రాణి ఇంటి మ్యూజియం బాగుంది. ఈ ఇంటిపేరు పనికి మాత్రం అది అవసరం లేదు, సమయం తక్కువైతే వదిలేయండి.

వుల్ఫ్‌లీకి బాంచెస్టర్ బ్రిడ్జ్ వైపు ఏ6088 మీద వెళ్ళాలి. పాత భవంతి ఇప్పుడు లేదు. చెట్లు, పచ్చిక, వాగు మాత్రమే. చూడటానికి ఏమీ లేదని గైడు పుస్తకాలు వదిలేస్తాయి, నాకు మాత్రం హెర్మిటేజ్ తర్వాత విలువైన చోటు ఇదే. ఇండియా నుంచి తిరిగొచ్చాక వాల్టర్ ఇలియట్ ఇక్కడే స్థిరపడ్డారు. చూపు దాదాపు పోయినా దక్షిణ భారత నాణేల మీద పుస్తకం పూర్తి చేశారు. 1887 మార్చి 1న పోయారు. ఆ పొద్దున కూడా తమిళ పండితుడు పోప్‌కు తిరుక్కురళ్ విషయమై ఉత్తరం చెప్పి రాయించి, తన చేత్తో సంతకం పెట్టారు. అమరావతి పలకలు వాటి గడ్డను వదిలి వెళ్ళడం నాకు ఇప్పటికీ బాధే. కానీ ఆ మనిషి మనసు చివరి పూట దాకా మన వైపే ఉందన్నది ఈ లోయలో నిలబడితే నమ్మబుద్ధేసింది. అక్కడ ఆయన గురించి రోడ్డు మీద ఒక పలక ఉంటే ఎంత బాగుండును.

వెళ్ళేవాళ్ళు మే, జూన్ నెలలు ఎంచుకోండి. హెర్మిటేజ్ చలికాలంలో మూసి ఉంటుంది. లిడిస్‌డేల్‌లో ఫోన్ సిగ్నల్ చాలాచోట్ల అందదు, పటం డౌన్‌లోడ్ చేసుకోండి. పెట్రోలు హాయిక్‌లోనే నింపుకోండి. ఒంటి వరస రోడ్ల మీద ఎదురొచ్చే గొర్రెల బండికి దారివ్వడానికి పక్కన ఖాళీలు ఉంటాయి, వాటిలో కారు మాత్రం నిలిపి ఉంచకండి.