ఆరేళ్లు, రెండు వందల డైవ్‌లు: ఏపెక్స్ ఎక్స్‌టీఎక్స్ 50 రెగ్యులేటర్, దాని సర్వీసింగ్

ఇంగ్లండ్‌లోని బ్లాక్‌బర్న్‌కు చెందిన ఏపెక్స్ కంపెనీ తయారుచేసిన ఎక్స్‌టీఎక్స్ 50 రెగ్యులేటర్‌ను, అంటే స్కూబా డైవింగ్‌లో సిలిండర్ గాలిని పీల్చుకోవడానికి వీలైన ఒత్తిడికి తగ్గించి నోటికి అందించే పరికరాన్ని, నేను ఆరేళ్లుగా వాడుతున్నాను. విశాఖ దగ్గర రుషికొండలో, అండమాన్‌లోని హావ్‌లాక్‌లో, కర్ణాటక తీరంలోని నేత్రాణి దీవి దగ్గర కలిపి 200కు పైగా డైవ్‌లు దీనితోనే చేశాను. నీటి అడుగున ఊపిరి హాయిగా ఆడుతుందా అని అడిగితే, సందేహం లేకుండా ఆడుతుందని చెబుతాను. అయితే ఈ సమీక్షలో ఎక్కువ భాగం దాని ట్యూనింగ్‌కూ సర్వీసింగ్‌కూ కేటాయిస్తున్నాను. లోపల ఏం జరుగుతుందో తెలియనంత కాలం, నా రెగ్యులేటర్ బాగుందో లేదో చెప్పే స్థితిలో నేను లేనని మూడో ఏట అర్థమైంది.

సిలిండర్‌లో 200 బార్ల (ఒక బార్ అంటే దాదాపు భూమి మీది గాలి ఒత్తిడి) ఒత్తిడితో ఉన్న గాలిని, సిలిండర్‌కు బిగించే భాగమైన ఫస్ట్ స్టేజ్, చుట్టూ ఉన్న నీటి ఒత్తిడి కంటే సుమారు 9 నుంచి 10 బార్లు మాత్రమే ఎక్కువగా ఉండేటట్లు తగ్గించి గొట్టంలోకి వదులుతుంది. దీనినే మధ్యస్థ ఒత్తిడి అంటారు. మనం పీల్చినప్పుడు, నోట్లో పెట్టుకునే భాగమైన సెకండ్ స్టేజ్‌లోని డయాఫ్రం అనే పలుచని పొర లోపలికి వంగి ఒక చిన్న లివర్‌ను నొక్కుతుంది, ఆ లివర్ వాల్వును తెరుస్తుంది, పీల్చడం ఆపగానే స్ప్రింగ్ దాన్ని తిరిగి మూసివేస్తుంది. ఇది బ్యాలెన్స్‌డ్ రకం, అంటే సిలిండర్‌లో ఒత్తిడి తగ్గినా పనితీరు పెద్దగా మారనిది కాబట్టి సిలిండర్‌లో గాలి 50 బార్లకు పడిపోయినా పీల్చడంలో తేడా నాకెప్పుడూ తెలియలేదు. పీల్చడంలోని బిగుతును మార్చే పక్క నాబ్, లోపలి గాలి ప్రవాహాన్ని మార్చే వెంచురి మీట మన చేతిలో ఉండేవి. ఫస్ట్ స్టేజ్ ఒత్తిడి, లోపలి లివర్ ఎత్తు, గాలి వచ్చే రంధ్రం అంచు స్థానం మాత్రం టెక్నీషియన్ సరిచేయవలసినవి.

మూడో ఏట సర్వీసు చేయించి, మూడు వారాలు ఎదురుచూసి తెచ్చుకున్న సెట్‌ను హావ్‌లాక్‌లో పడవ మీద సిలిండర్‌కు బిగించాను. అయిదు నిమిషాలకు మౌత్‌పీస్ నుంచి సన్నని బుసబుస మొదలైంది. అక్కడ సాయానికి వచ్చిన వ్యక్తి సెకండ్ స్టేజ్‌ను లోపల కొంచెం బిగించడంతో శబ్దం ఆగింది, నాకూ సంతోషమే కలిగింది. కానీ మరునాడు 25 మీటర్ల లోతులో, ప్రవాహానికి ఎదురీదుతున్నప్పుడు, ప్రతి ఊపిరినీ లాగి తెచ్చుకుంటున్నట్లు అనిపించింది. ఆ లోతులో గాలి సాంద్రత ఉపరితలం మీదికన్నా మూడు రెట్లు మించి ఉంటుంది కాబట్టి, ఒడ్డున గమనించని బిగుతు అక్కడ బాగా తెలిసిపోతుంది.

ఇంటికి వచ్చాక డైవింగ్ జాకెట్‌కు గాలినిచ్చే గొట్టానికి ఒక ప్రెషర్ గేజ్ తగిలించాను. ముల్లు 9.5 దగ్గర ఆగింది, కానీ నిలవలేదు. చూస్తూ ఉండగానే నెమ్మదిగా 10 దాటి, పది నిమిషాల్లో 11కు చేరింది. ఫస్ట్ స్టేజ్‌లో గాలి దారిని మూసే సీట్ అనే చిన్న భాగం సరిగా మూసుకోకపోవడం వల్ల గాలి లోపలికి ఊరుతోంది. పెరిగిన ఆ ఒత్తిడే సెకండ్ స్టేజ్ వాల్వును తోసి బుసబుసలాడించింది. ఉన్న లోపం ఒకచోట, బిగించింది మరొకచోట. శిక్షణ ఉన్న మరో టెక్నీషియన్ విప్పినప్పుడు ఆ సీట్‌ను నా అరచేతిలో పెట్టి చూపించారు. గోటితో తడిమితే తగిలేంత లోతుగా, గుండ్రని గాడి ఒకటి పడి ఉంది. సర్వీసు చేసినట్లు బిల్లు ఇచ్చిన దుకాణం దాన్ని మార్చనే లేదన్నమాట. ఊపిరి ఆధారపడిన వస్తువు విషయంలో ఇంత నిర్లక్ష్యాన్ని నేను క్షమించలేకపోతున్నాను.

అప్పటి నుంచి ప్రతి ప్రయాణానికి ముందు ఆ గేజ్‌తోనే చూసుకుంటున్నాను. మంచి స్థితిలో ఉన్న ఫస్ట్ స్టేజ్‌లో ముల్లు పీల్చినప్పుడు కొద్దిగా పడి, వెంటనే లేచి, అదే అంకె మీద కదలకుండా నిలుస్తుంది. నిండు సిలిండర్‌తోనూ, 50 బార్లు మిగిలిన సిలిండర్‌తోనూ చూడాలి. ఈ పరీక్షలో సెకండ్ స్టేజ్ తప్పక అమర్చి ఉండాలి. ఒత్తిడి అదుపు తప్పితే గాలిని బయటికి వదిలే దారి అదే. సెకండ్ స్టేజ్‌కు ఒక బకెట్ నీళ్లు చాలు. మౌత్‌పీస్‌ను పైకి ఉంచి నెమ్మదిగా దించుతూ పోతే, డయాఫ్రం నీటిమట్టానికి రెండున్నర నుంచి మూడున్నర సెంటీమీటర్ల దిగువకు వచ్చినప్పుడు గాలి రావడం మొదలవ్వాలి. అంతకంటే లోతుకు వెళ్లవలసి వస్తే బిగుతు ఎక్కువైనట్లే.

క్రమం కూడా ముఖ్యం. ముందు ఫస్ట్ స్టేజ్ ఒత్తిడి స్థిరపడాలి, ఆ తర్వాతే సెకండ్ స్టేజ్‌ను ట్యూన్ చేయాలి. సర్వీసు నుంచి తీసుకునేటప్పుడు మార్చిన పాత సీట్‌నూ, గాలి కారకుండా ఆపే ఓ-రింగులనే రబ్బరు వలయాలనూ వెనక్కి ఇవ్వమని, మధ్యస్థ ఒత్తిడి అంకెను కాగితం మీద రాసి ఇవ్వమని ఇప్పుడు తప్పకుండా అడుగుతాను.

రుషికొండ ఇసుక గురించి కూడా చెప్పాలి. నిశ్వాస వాల్వు కింద ఒక్క రేణువు చిక్కుకున్నా ఊపిరితో పాటు నీటి తుంపరలు వస్తాయి, వాల్వు పాడైందేమోనని భయపడతాము. మంచినీటితో బాగా కడిగితే చాలావరకు పోతుంది. కడిగేటప్పుడు ఫస్ట్ స్టేజ్ మూత తుడిచి బిగించి ఉంచాలి, ఒత్తిడి లేని సెట్‌ను నీటిలో నానబెట్టి, సెకండ్ స్టేజ్ వాల్వును చేత్తో తెరిచే పర్జ్ బటన్ నొక్కకూడదు. నొక్కితే ఆ నీరు గొట్టం గుండా ఫస్ట్ స్టేజ్ లోపలికి చేరుతుంది.

విడిభాగాల ధర మాత్రం నాకు భారంగానే ఉంది. ఏటా తనిఖీ, రెండేళ్లకు లేదా 100 డైవ్‌లకు పూర్తి సర్వీసు అన్న లెక్కను పాటిస్తున్నాను, ఈ రెండింటి మధ్య గేజ్ చెప్పిన మాట వింటున్నాను. కిందటి సర్వీసు తర్వాత కాగితం మీద రాసి ఇచ్చిన అంకె 9.6. ఇరవై రెండు డైవ్‌ల తర్వాత నిన్న సాయంత్రం చూసినప్పుడు కూడా ముల్లు 9.6 మీదే, పదిహేను నిమిషాల పాటు కదలకుండా నిలిచింది.